పై అంకె, కింది అంకె

టి.నగర్ పానగల్ పార్కులో పొద్దున్నే నడిచే తెలుగువాళ్ళకు కొదవలేదు. ఈ సంవాదంలో ఇద్దరూ ఆ బాపతే. మామయ్య నగరంలోని ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. చాలా ఏళ్ళుగా బీపీ మనిషి. మేనకోడలు జనరల్ ఫిజీషియన్. ఈమధ్య ఆయన ఆక్యుపంక్చర్‌కు వెళ్తున్నారు. ఆమెతో మాట మాత్రం అనకుండా మాత్ర సగం చేశారు. ఆ కబురు ఆమె చెవిన పడ్డ మర్నాటి మాటలివి.

మేనకోడలు: మామయ్యా, టెల్మిసార్టన్ సగానికి విరిచి వేసుకుంటున్నారట. అత్తయ్య చెప్పింది. ఎవరు విరవమన్నారు?

మామయ్య: ఎవరూ అనలేదు. ఒంటికే తెలుస్తోంది. తల బరువు పోయింది, నిద్ర పడుతోంది. ఆ సూదులాయన మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టి, నాలుక చూసి, అరగంట మాట్లాడాడమ్మా. మీ దగ్గర నాలుగు నిమిషాలు దొరికితే గొప్ప.

మేనకోడలు: ఇంతకీ ఏం తేల్చాడు?

మామయ్య: కాలేయంలో యాంగ్ పైకి ఎగదన్నుతోందట. కింద మూత్రపిండాల్లో యిన్ చాలక దాన్ని పట్టి ఉంచలేకపోతోందట. తల తిరగడం, చిరాకు, కళ్ళెర్రబడడం అన్నీ దానివల్లేనట. పాదం మీద బొటనవేలికీ పక్క వేలికీ నడుమ ఒక సూది, మోచేతి మడత చివర ఒకటి గుచ్చుతాడు. చైనావాళ్ళ పైత్యం అని కొట్టిపారెయ్యకు. పళని కొండ మీద నవపాషాణ విగ్రహం చేశాడంటారే భోగర్, ఆ సిద్ధుడు చైనా నుంచి వచ్చాడని కొందరు, ఇక్కణ్ణుంచే చైనా వెళ్ళాడని కొందరు చెప్పుకుంటారు. కథే అనుకో. నాడి చూడడానికి వాళ్ళూ మూడు వేళ్ళే, మన సిద్ధవైద్యులూ మూడు వేళ్ళే.

మేనకోడలు: కొట్టిపారెయ్యను. ఒక్కటే అడుగుతాను. ఆ మూడు వేళ్ళకు బీపీ తెలుస్తుందా?

మామయ్య: నాడి బిగువు తెలుస్తుంది. తీగలా బిగిసిందో, మెత్తగా ఉందో తెలుస్తుంది.

మేనకోడలు: 130కీ 160కీ తేడా తెలియదు. మీరు చెప్పిన తలతిప్పు, చిరాకు, ఎర్రకళ్ళు బీపీ లేనివాళ్ళకూ ఉంటాయి. బీపీ ఉన్నవాళ్ళలో చాలామందికి అసలేమీ ఉండదు. దీని చిక్కే అది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఇటలీలో రివా రోచ్చి 1896లో చేతికి చుట్టే పట్టీ తయారుచేశాడు. 1905లో రష్యాలో కొరొట్కోఫ్ ఆ పట్టీ కింద స్టెతస్కోపు పెట్టి చప్పుడు విన్నాడు. పై అంకె, కింది అంకె అని మనం అనుకోవడం అప్పటి నుంచే. అంతకుముందు ఈ జబ్బు ఏ దేశం వైద్యుడికీ ఈ రూపంలో కనబడలేదు. చరకుడికీ లేదు, చైనా వాళ్ళకూ లేదు, హిపోక్రటీసుకూ లేదు. అందుకే ‘ఒంటికి తెలుస్తోంది’ అన్న మాట ఈ ఒక్క జబ్బులో చెల్లదు.

మామయ్య: సరే, పట్టీ మీది. పట్టీ వచ్చాక మీరు ఊడబొడిచిందేమిటి? 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌ను గుండె డాక్టరు చూశాడు. 186/108. ప్రపంచంలోకెల్లా గొప్ప దేశాన్ని ఏలేవాడికి దొరికిన వైద్యం ఏమిటి? విశ్రాంతి, చప్పిడి కూడు, డిజిటాలిస్, నిద్రమాత్ర. మరుసటి ఏడు ఏప్రిల్ 12న మెదడులో నరం చిట్లి పోయాడు. ఆ రోజు 300/190. అంకె తెలుసు, మందు లేదు! అప్పటికి పద్నాలుగేళ్ళ కిందటే, 1931లో, కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధి వేరుతో రక్తపు పోటు తగ్గుతుందని అచ్చు వేశారు. అదే రోజుల్లో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఆ వేరులోంచి ఒక క్షారాభాన్ని తీసి, హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలిన్ అన్నాడు. ఈ పాఠం ఏటేటా చెప్పినవాణ్ణి నేను. మోకాలెత్తు పొద. కణుపు కణుపుకూ చుట్టూ మూడేసి ఆకులు. తెల్లపూలు, ఎర్రటి తొడిమలు. కాయ పండితే నల్లగా నిగనిగలాడుతుంది. వేరు కొరికితే నోరంతా చేదు. పిచ్చికీ, పాముకాటుకూ, నిద్రపట్టనివాళ్ళకూ పల్లెల్లో ఎప్పుడో వాడారు.

మేనకోడలు: ఆ పాఠంలో తర్వాతి పేజీ నేను చెప్తాను. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ఆ వేరు మీద వ్యాసం రాశాడు. పడమటి దేశాల డాక్టర్లు దాన్ని చదివాకే కదిలారు. 1952లో స్విట్జర్లాండులో సీబా కంపెనీవాళ్ళు రిసర్పిన్ తీశారు. 1957లో వకీల్‌కు లాస్కర్ బహుమతి వచ్చింది. మరి అంతకుముందు వందల ఏళ్ళు ఆ వేరు నూరి పోసినవాళ్ళకు దక్కని గుర్తింపు ఆయనకెందుకు దక్కింది? రోగులను వరసగా కూర్చోబెట్టి, మందుకు ముందు ఎంత, తర్వాత ఎంత అని కొలిచి రాశాడు కాబట్టి.

మామయ్య: వేరు మాది, పేరు మీది!

మేనకోడలు: ఇంకోటి వినండి, మీకు నచ్చేదే. బీపీ తగ్గిస్తే నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అన్న అనుమానం 1960ల దాకా పెద్ద డాక్టర్లకే ఉండేది. అది తీర్చింది అమెరికాలో మాజీ సైనికుల ఆస్పత్రుల్లో జరిగిన పరీక్ష. 1967లో అచ్చయింది. కింది అంకె 115 నుంచి 129 దాకా ఉన్న 143 మంది మగవాళ్ళు. సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో 27 మందికి ప్రాణం మీదికి వచ్చింది. మందు వేసుకున్నవాళ్ళలో ఇద్దరికి. ఆ మందులో మూడు సరుకులున్నాయి. అందులో ఒకటి రిసర్పిన్.

మామయ్య: అంటే మా సర్పగంధే!

మేనకోడలు: మీ సర్పగంధే. మోతాదు మించితే మనిషి దిగులులో కూరుకుపోతాడనీ, ముక్కు దిబ్బడేస్తుందనీ తెలిసింది కూడా అలా లెక్కలు రాసుకోబట్టే. అంతకంటే మంచివి వచ్చాక అది వెనక్కి పోయింది. చైనాలో మాత్రం పోలేదు. ‘బీజింగ్ జీరో నంబరు’ అని ఒక చవక బీపీ మాత్ర ఉంది. అందులో రిసర్పిన్ ఉంది. చైనా సూదుల కోసం మీరు తిరుగుతున్నారు. చైనావాళ్ళేమో మీ వేరులోని సరుకు మింగుతున్నారు.

మామయ్య: బాగుంది! అయితే కొలత మీ సొత్తన్నట్టు మాట్లాడకు. కొలిచే చోటు మా వైద్యానికి ఎప్పుడిచ్చారు? ఈ మద్రాసు కథే తీసుకో. 1918లో కోమన్ అనే డాక్టరుకు నాటుమందుల మీద విచారణ అప్పగించారు. ఆయన చాలామటుకు చెత్త అని రాశాడు. వైద్యులు భగ్గుమన్నారు. 1921లో ఉస్మాన్ కమిటీ వేశారు. అప్పట్లో మంత్రివర్గాన్ని నడిపినవాడు మన తెలుగువాడే, ఈ పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా, రామరాయనింగారు. ఆ కమిటీ పుణ్యమా అని కీల్పాకంలో దేశీయ వైద్య పాఠశాల వచ్చింది. ఆయుర్వేదం, సిద్ధ, యునాని మూడూ నేర్పారు. చివరికేమైంది? 1960లో అదే కీల్పాక్ మెడికల్ కాలేజీ అయింది. మా పిల్లలకు పాఠం చెప్పిన చోట మీ పిల్లలు చదువుకుంటున్నారు.

మేనకోడలు: అన్యాయమే.

మామయ్య: ఆచంట లక్ష్మీపతి గారు మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టరు చదివి, ఆయుర్వేదానికి మారిన మనిషి. అమెరికా వెళ్ళకముందు యల్లాప్రగడ సుబ్బారావు ఆయన ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం చెప్పాడు. రెండు వైద్యాలనూ ఒకే గదిలో కూర్చోబెట్టిన ఊరిది. ఆ గది మూసేసి, ఇప్పుడు ‘మీ దగ్గర రుజువేదీ’ అంటే ఎలా?

మేనకోడలు: ఇప్పుడు తలుపులు తెరిచే ఉన్నాయి కదా మామయ్యా. తాంబరం శానటోరియంలో 2005 నుంచి జాతీయ సిద్ధ సంస్థ ఉంది. అరుంబాక్కంలో అణ్ణా పేరిట ప్రభుత్వ దేశీయ వైద్య ఆస్పత్రి ఉంది. మీ సూదులను కూడా కేంద్రం 2019లో విడి వైద్యంగా గుర్తించింది. 1938లో డాక్టరు కోట్నిస్‌తో పాటు చైనా వెళ్ళిన డాక్టరు బసు, మళ్ళీ అక్కడికే వెళ్ళి ఈ సూదుల వైద్యం నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టింది ఇన్నాళ్ళకు ఇంత దూరం వచ్చింది. సంతోషమే. కానీ జరిగిన అన్యాయం జరిగిందని చెప్పి, మీ రక్తనాళం దిగిరాదు. బీపీకి సూది పనిచేస్తుందా లేదా అన్నది సూదినే అడగాలి.

మామయ్య: అడిగారా ఎవరైనా?

మేనకోడలు: అడిగారు. అమెరికాలో 192 మంది మీద చేసిన పరీక్ష 2006లో వచ్చింది. కొందరికి మనిషిని బట్టి ఎంచిన చోట సూదులు, కొందరికి అందరికీ ఒకే చోట్ల, కొందరికి సంబంధం లేని చోట ఉత్తుత్తి సూదులు. చివర్లో చూస్తే మూడు గుంపుల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు.

మామయ్య: గుచ్చినవాళ్ళకు రాదేమో!

మేనకోడలు: మరుసటి ఏడు జర్మనీలో 160 మంది మీద చేశారు. అక్కడ గుచ్చింది చైనాలో నేర్చుకున్నవాళ్ళే. ఆరు వారాల్లో 22 సార్లు. రోజంతా చేతికి మిషను కట్టి కొలిస్తే పై అంకె అయిదు పాయింట్లు, కిందిది మూడు తగ్గింది.

మామయ్య: అద్గదీ! తగ్గిందా లేదా?

మేనకోడలు: తగ్గింది. సూదులు ఆపిన మూడు నెలలకు చూస్తే మళ్ళీ మొదటికి వచ్చింది.

మామయ్య: నీ మాత్ర ఆపితే మాత్రం మొదటికి రాదా?

మేనకోడలు: ...వస్తుంది. మంచి దెబ్బే కొట్టారు. అయితే దాని అర్థం చూడండి. రెండూ జన్మాంతం సాగాల్సినవే. ఒకటి కాఫీ తాగాక ఒక గుక్క నీళ్ళతో అయిపోతుంది. రెండోది వారానికి మూడు నాలుగు పూటలు ఆటో కట్టించుకుని వెళ్ళాలి, అదీ అయిదు పాయింట్ల కోసం. అసలు తేడా ఇది కూడా కాదు. మాత్ర పక్షవాతాన్ని తప్పిస్తుందని వేలమంది మీద తేలింది. సూది తప్పిస్తుందని ఎవరూ తేల్చలేదు. అంకె దిగడం మనకు దారి మాత్రమే. చెయ్యీ కాలూ పడిపోకుండా ఉండడం కదా కావలసింది?

మామయ్య: సూది సరే, మూలికలున్నాయిగా? గౌటెంగ్ తీగ కొక్కేలు, టియాన్మా దుంప కలిపి కాచే కషాయం యాంగ్‌ను దించుతుందట. వేల ఏళ్ళ నాటిదన్నాడు.

మేనకోడలు: విడివిడిగా ఆ మూలికలు పాతవే. బీపీకి అంతా చెప్పే ఆ కషాయం కూర్పు మాత్రం 20వ శతాబ్దం నడుమ వచ్చింది, చైనా ఆస్పత్రుల్లో పట్టీ మిషన్లు చేరాక. పాతదంటే గొప్పదనీ, కొత్తదంటే తప్పనీ నేననను. పాత పేరు చూసి పరీక్ష మాఫీ చెయ్యకూడదంటాను. చైనాలో ముత్యాల పొడి, అడవి చామంతి వేసి చేసే బీపీ మాత్ర ఒకటుంది. పేరు జెన్‌జు జ్యాంగ్‌యా. వినడానికి ఎంత చల్లగా ఉంది! అందులో క్లోనిడిన్, హైడ్రోక్లోరోథయజైడ్ కూడా ఉన్నాయి. రెండూ పక్కా ఇంగ్లీషు మందులు. ‘ఆకుమందే కదా’ అని ఎవరైనా ఉన్నట్టుండి మానేశారనుకోండి. క్లోనిడిన్ అలా మానితే బీపీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. మీ యాంగ్ కంటే జోరుగా.

మామయ్య: నేనవేవీ మింగడం లేదులే. పొద్దున్నే నాట్టుమరుందు కడై, అదే నాటుమందుల కొట్టు, నుంచి తెచ్చిన పొడి కాచుకుని తాగుతున్నాను, అంతే. శొంఠి, మిరియం, తులసి, అతిమధురం.

మేనకోడలు: అతిమధురమా! రోజూనా?

మామయ్య: గొంతుకు మంచిది. చైనావాళ్ళ కషాయాల్లోనూ సగానికి సగం ఉంటుంది.

మేనకోడలు: దాని తీపి దేనివల్ల వస్తుందో మీరే పాఠం చెప్పి ఉంటారు.

మామయ్య: గ్లిసరైజిన్.

మేనకోడలు: అది కిడ్నీలో ఒక ఎంజైమును పనిచెయ్యనివ్వదు. దాంతో ఒంట్లో ఉప్పు నిలుస్తుంది, పొటాషియం పోతుంది, బీపీ పెరుగుతుంది. ఎప్పుడో దగ్గుకు నాలుగు రోజులు వాడితే వేరు. బీపీ మనిషి రోజూ తాగే వస్తువు కాదది. ఒక చేత్తో సూది, ఒక చేత్తో సగం మాత్ర, మూడో పక్కన అతిమధురం. దేనికి ఏం జరుగుతోందో ఎవరు చెప్పగలరు?

మామయ్య: సరే, అతిమధురం తీసేస్తాను. ఇప్పుడు నా ప్రశ్నకు జవాబు చెప్పు. మీ మాత్ర అంత గొప్పదైతే జనం ఎందుకు మానేస్తున్నారు? ఈ చెన్నైలోనే జరిగిన క్యూర్స్ సర్వేలో పెద్దవాళ్ళలో 20 శాతం మందికి బీపీ ఉందని తేలింది. దేశం మొత్తం మీద చేసిన ఐసీఎంఆర్ సర్వే 2023లో 35.5 శాతం అంది. మందు మాత్రం రూపాయల్లో దొరుకుతోంది. అయినా అదుపులో ఉన్నవాళ్ళు ఎందరు? మీరు చీటీ రాసి ‘జీవితాంతం వేసుకోండి’ అని పంపించేస్తారు. ఏ బాధా లేని మనిషి జీవితాంతం మాత్ర ఎందుకు మింగుతాడు? ఎందుకో కూర్చోబెట్టి చెప్పేవాడు లేడు. ఆ కూర్చోబెట్టేవాడు సూదులాయన. అందుకే జనం అటు పోతున్నారు.

మేనకోడలు: అటు పోతే నాకు బాధ లేదు. సూది కూడా లేకుండా ఒక్క చోట వేలితో తాకి పంపించేవాళ్ళు ఈ రాష్ట్రంలో వీధి వీధికీ ఉన్నారు. వాళ్ళలో కొందరు ‘ఇంగ్లీషు మందు విషం, మానెయ్యి’ అంటారు. అలా మానేసి, మూతి వంకర పోయాక నా దగ్గరికి వచ్చినవాళ్ళను చూశాను. నా పోట్లాట అక్కడ. మీరు చెప్పిన లోటు మాత్రం నిజమే. అందుకే కదా 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో ‘మక్కళై తేడి మరుత్తువం’, అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం, అనే సర్కారు పథకం మొదలుపెట్టారు. ఆరోగ్య కార్యకర్త ఇంటికే వచ్చి, బీపీ చూసి, మాత్రలు చేతిలో పెట్టి వెళ్తుంది.

మామయ్య: ఇంటికి వస్తుంది, పేరు పెట్టి పలకరిస్తుంది, మాత్ర వేసుకున్నారా అని అడుగుతుంది. సగం వైద్యం అదేనమ్మా! ఆ పని మా నాడివైద్యులు ఎప్పటినుంచో చేస్తున్నారు. మీ సర్కారుకు ఇప్పుడు తెలిసింది.

మేనకోడలు: ఒప్పుకున్నాను. ఇంతకీ ఆ అరగంటలో మీ సూదులాయన తిండి గురించి ఏమైనా చెప్పాడా?

మామయ్య: చెప్పకేం? అప్పడం, ఆవకాయ, ఊరమిరపకాయలు బంద్. మజ్జిగలో ఉప్పు బంద్.

మేనకోడలు: నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది అదేగా!

మామయ్య: నువ్వు ‘ఉప్పు తగ్గించండి’ అని చీటీ మీద రాశావు. నేను కూరలో తగ్గించాను. అతను మా ఇంట్లో రోజూ పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏమేం తింటామో ఒక్కొక్కటే అడిగాడు. పెరుగన్నంలోకి రెండు ఊరమిరపకాయలు లేనిదే నాకు ముద్ద దిగదని అప్పుడు బయటపడింది.

మేనకోడలు: అప్పడాలూ ఊరమిరపకాయలూ ఎప్పుడు మానారు?

మామయ్య: సూదులు మొదలుపెట్టిన రోజే.

మేనకోడలు: అయితే చెప్పండి మామయ్యా. మీకు తగ్గిందనుకుంటున్నది నిజంగా తగ్గి ఉంటే, ఆ పుణ్యం సూదిదా, అప్పడానిదా?

మామయ్య: ...రెండిటిదీ కావచ్చు.

మేనకోడలు: కావచ్చు. ఉప్పు తగ్గిస్తే బీపీ తగ్గుతుందని గట్టి రుజువుంది. ఆ రుజువు నా చీటీలో ఉండి పనిచెయ్యలేదు, ఆయన నోట్లోంచి వచ్చి పనిచేసింది. ఆ గౌరవం ఆయనకివ్వాల్సిందే. ఇక బేరం మాట్లాడదాం. మాత్ర రేపటి నుంచి పూర్తిగా వేసుకోవాలి. సూదులు మీ ఇష్టం, ప్రతిసారీ కొత్త సూది వాడాలి, అంతే. ఇంట్లో మిషనుంది కదా. పొద్దున మాత్రకు ముందు, రాత్రి పడుకునే ముందు చూసుకోండి. చూసే ముందు అరగంట కాఫీ వద్దు. ఒంటేలుకు వెళ్ళొచ్చి కూర్చోండి. కుర్చీకి వీపు ఆనించి, పాదాలు రెండూ నేలమీద పెట్టి, కాలు మీద కాలు వెయ్యకుండా అయిదు నిమిషాలు ఊరికే ఉండండి. పట్టీ చొక్కా మీద కాదు, చర్మం మీదే చుట్టాలి. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. అప్పుడు అత్తయ్యతో మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి. రెండు అంకెలూ పుస్తకంలో రాయాలి, నచ్చకపోయినా సరే.

మామయ్య: నాకూ షరతులున్నాయి. ఆ పుస్తకం పట్టుకొస్తే నువ్వు పావుగంట కూర్చుని ప్రతి పేజీ చూడాలి. అంకె దిగి ఉంటే, బెట్టు చెయ్యకుండా మాత్ర నువ్వే తగ్గించాలి.

మేనకోడలు: తగ్గిస్తాను. అంకె చెబితే తగ్గిస్తాను, ఒళ్ళు చెబితే కాదు.

మామయ్య: దిగితే ఆ పేరు ఎవరికి?

మేనకోడలు: అన్నీ కలగలిపి వాడితే ఎవరికీ రాదు. నిజంగా తేల్చాలనుంటే సూదులు ఒక నెల ఆపి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి చూడండి.

మామయ్య: సూదులే ఎందుకాపాలి? నీ మాత్ర ఆపి చూద్దాం.

మేనకోడలు: సూది ఆపితే మీకు వచ్చే నష్టమేమీ లేదు. మాత్ర ఆపి పొరపాటు పడితే దిద్దుకునే వీలుండదు. అందుకే సూదులు ఆపమంటున్నాను.

మామయ్య: అంటే, సూదితో ప్రమాదం లేదని నీ నోటితోనే అన్నావు.

మేనకోడలు: అన్నాను. మాత్ర మానిపించనంతవరకు లేదు.